కాలేజీ ఓరియెంటేషన్: బ్యాగు కన్నా ముందు సర్దుకోవాల్సినవి

మే 1 లోపు ఏ కాలేజీయో తేల్చుకుని డిపాజిట్ కట్టేశాక అమెరికాలోని తెలుగు ఇళ్లలో హడావిడి ఒక్కసారిగా తగ్గిపోతుంది. అడ్మిషన్ల టెన్షన్ తీరింది, ఇక గ్రాడ్యుయేషన్ పార్టీ, ఆ తర్వాత ఇండియా ట్రిప్పు అనుకుంటూ ఉంటారు. సరిగ్గా అప్పుడే యూనివర్సిటీ నుంచి ఓరియెంటేషన్ ఈమెయిల్ వస్తుంది. జూన్‌లోనో జూలైలోనో రెండు రోజులు రావాలని, విద్యార్థి ఒక రాత్రి డార్మ్‌లో, అంటే కాలేజీ హాస్టల్లో, పడుకోవాలని, తల్లిదండ్రులకు వేరే కార్యక్రమం ఉంటుందని అందులో రాసి ఉంటుంది. ఆ వారమంతా వాట్సాప్ గ్రూపుల్లో ఇవే ప్రశ్నలు: దుప్పటి వాళ్లిస్తారా, మనమే తీసుకెళ్లాలా? హోటల్ ఎక్కడ బుక్ చేసుకోవాలి? అసలు వెళ్లకపోతే ఏమవుతుంది?

చివరి ప్రశ్నకు జవాబు ముందు చెప్పేస్తాను. చాలా యూనివర్సిటీల్లో ఓరియెంటేషన్‌కి రానివాళ్లను మొదటి సెమిస్టర్ క్లాసులకి రిజిస్టర్ చేసుకోనివ్వరు. ఆ రెండు రోజుల్లో ఆటలు, పాటలు, క్యాంపస్ టూర్లు, స్పీచ్‌లు చాలానే ఉంటాయి. వాటన్నిటి మధ్య ఒక గంటో రెండు గంటలో జరిగే పని మాత్రం ఒకటుంది. పిల్లలు తమ మొదటి సెమిస్టర్ క్లాసులు తామే ఎంచుకుని, తామే రిజిస్టర్ చేసుకుంటారు. ఆ గంట సాఫీగా గడుస్తుందా లేదా అన్నది అక్కడికి వెళ్లాక తేలేది కాదు. అంతకుముందు నెల రోజుల్లో ఏ కాగితం ఏ ఆఫీసుకి చేరింది, ఏది చేరలేదు అన్నదాన్ని బట్టే చాలావరకు తేలిపోతుంది.

మన తరం తల్లిదండ్రులకు ఇది కొత్తగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. మనం ఎంసెట్ రాశాం, ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌లో కాలేజీ, బ్రాంచి దొరికాయి. అక్కడితో మనం ఎంచుకునే పని ముగిసింది. ఏ సెక్షన్‌లో వేశారో, సోమవారం మొదటి పీరియడ్ ఏమిటో నోటీసు బోర్డు చూసి తెలుసుకున్నాం. జేఎన్‌టీయూలో చదివినా, ఆంధ్రా యూనివర్సిటీలో చదివినా టైంటేబుల్ తయారుచేసే పని విద్యార్థిది కాదు. ఇక్కడ ఆ నోటీసు బోర్డే లేదు. వందల కోర్సుల్లోంచి నాలుగైదు ఏరుకుని, వాటి వేళలు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకుని, సీట్లు అయిపోకముందే బటన్ నొక్కాల్సింది పద్దెనిమిదేళ్ల పిల్లలు.

ఈ కార్యక్రమానికి ఒక్కో చోట ఒక్కో పేరు. టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో న్యూ స్టూడెంట్ కాన్ఫరెన్స్ అంటారు, జార్జియా టెక్‌లో ఫాసెట్, యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాలో ప్రీవ్యూ, యూసీ అర్వైన్‌లో స్పాప్. కొన్నిచోట్ల రాత్రి బస తప్పనిసరి, కొన్నిచోట్ల ఇష్టాన్ని బట్టి, కొన్నిచోట్ల మొత్తం ఒక్క రోజులోనే అయిపోతుంది. పేరు ఏదైనా లోపల జరిగేది దాదాపు ఒకటే. ఏ అండ్ ఎమ్‌లో చేరుతున్నవాళ్లకి ఒక మాట: అక్కడి ఫిష్ క్యాంప్ వేరే. 1954 నుంచి నడుస్తున్న ఆ క్యాంపు స్నేహాలకీ, అక్కడి సంప్రదాయాలు తెలుసుకోవడానికీ ఉద్దేశించింది. దానికి వెళ్లొచ్చినంత మాత్రాన రిజిస్ట్రేషన్ అయిపోదు.

ఇక్కడి నుంచి టెక్సాస్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పైగా ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో కోర్సుల ఎంపికని రాష్ట్ర చట్టాలే కొంతవరకు నిర్ణయిస్తాయి కాబట్టి చిక్కుముడి ఎక్కడ పడుతుందో చూపించడం తేలిక. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లకి నంబర్లు, గడువులు మారతాయి, వరస మారదు.

నాలుగు దారుల్లో వచ్చే క్రెడిట్లు

కోర్సుల ఎంపికలో సలహా ఇచ్చే అడ్వైజర్ ముందు కూర్చునే సమయానికి విద్యార్థి రికార్డులోకి నాలుగు రకాల సమాచారం వచ్చి ఉండాలి. హైస్కూల్ ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు), హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల స్కోర్లు, డ్యూయల్ క్రెడిట్ కోర్సుల రికార్డు, మ్యాథ్ ప్లేస్‌మెంట్ ఫలితం. ఇవి నాలుగు వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు తేదీల్లో వస్తాయి. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. చిక్కంతా ఇక్కడే.

హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్‌తో పెద్ద గొడవ ఉండదు, కౌన్సెలర్ ఆఫీసు నుంచి జూన్‌లో వెళ్లిపోతుంది. వెళ్లిందో లేదో యూనివర్సిటీ పోర్టల్‌లో చూసుకుంటే చాలు.

డ్యూయల్ క్రెడిట్ దగ్గర చాలామంది పొరబడతారు. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో చదివే పిల్లలు హైస్కూల్లో ఉండగానే కాలిన్ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీ ద్వారా ఇంగ్లిష్, హిస్టరీ, గవర్నమెంట్ కోర్సులు చేస్తుంటారు. ఆ మార్కులు హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ మీద కూడా కనిపిస్తాయి కాబట్టి అన్నీ వెళ్లిపోయాయని అనుకుంటారు. కానీ యూనివర్సిటీ ఆ క్రెడిట్ ఇవ్వాలంటే కమ్యూనిటీ కాలేజీ నుంచి నేరుగా అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ రావాలి. అది విద్యార్థే తన కాలేజీ లాగిన్‌తో అడిగి పంపించుకోవాలి. చివరి సెమిస్టర్ గ్రేడ్లు పడ్డాకే పంపాలి, లేకపోతే ఆ గ్రేడ్ల కోసం రెండోసారి పంపాల్సి వస్తుంది.

వచ్చిన క్రెడిట్‌ని గుర్తుపట్టడం కూడా నేర్చుకోవాలి. టెక్సాస్‌లో కోర్సులకు ఒక ఉమ్మడి నంబరు పద్ధతి ఉంది. హిస్టరీ 1301, గవర్నమెంట్ 2305, ఇంగ్లిష్ 1301, మ్యాథ్ 2413 అలాంటివి. మొదటి అంకె కోర్సు ఏ స్థాయిదో చెబుతుంది, రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. అందుకే మ్యాథ్ 2413, అంటే మొదటి క్యాల్‌క్యులస్, నాలుగు క్రెడిట్ల కోర్సు. కమ్యూనిటీ కాలేజీలు ఈ నంబర్లే వాడతాయి. యూటీ ఆస్టిన్, ఏ అండ్ ఎమ్ మాత్రం సొంత నంబర్లు వాడతాయి. హిస్టరీ 1301 ఆస్టిన్‌కి చేరేసరికి హిస్టరీ 315K అయిపోతుంది. ఈ సంగతి తెలియక, పూర్తిచేసిన కోర్సునే వేరే నంబరుతో మళ్లీ ఎంచుకునే ప్రమాదం ఉంది. యూనివర్సిటీ వెబ్‌సైట్లలో సమానమైన కోర్సుల పట్టిక ఉంటుంది. ఓరియెంటేషన్‌కి ముందే దాన్ని తెరిచి, తను చేసిన ప్రతి కోర్సు పక్కన అక్కడి నంబరు ఒక కాగితం మీద రాసుకోవాలి. ఈ ఒక్క కాగితం ఆ రోజు ఎంత పని చేస్తుందో చెప్పలేను.

ఈ లెక్క ఇంత ముఖ్యం ఎందుకంటే, టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలో డిగ్రీకి 42 క్రెడిట్ల కోర్ కరికులమ్ ఉంటుంది. అందులో 6 క్రెడిట్లు అమెరికా చరిత్ర, 6 క్రెడిట్లు గవర్నమెంట్ కచ్చితంగా ఉండాలి. ఇంజనీరింగ్ చదివినా సంగీతం చదివినా తప్పదు. డిగ్రీ సాధారణంగా 120 క్రెడిట్లు, అంటే నాలుగేళ్లలో అయిపోవాలంటే సెమిస్టర్‌కి 15. హైస్కూల్లోనే పన్నెండో పదిహేనో క్రెడిట్లు సంపాదించుకున్న పిల్లలకి దాదాపు ఒక సెమిస్టర్ చేతిలో ఉన్నట్టే. ఆ రికార్డు సమయానికి చేరకపోతే అడ్వైజర్ మళ్లీ అవే కోర్సులు సూచిస్తారు. వాళ్ల తెర మీద కనిపించేదాన్ని బట్టే వాళ్లు చెప్పగలరు.

ఇక ఏపీ స్కోర్లు. పరీక్షలు మే నెలలో అయిపోతాయి, ఫలితాలు మాత్రం జూలై మొదట్లో వస్తాయి. మరి జూన్‌లో ఓరియెంటేషన్‌కి వెళ్లే విద్యార్థి చేతిలో చివరి ఏడాది రాసిన పరీక్షల స్కోర్లు ఒక్కటీ ఉండవు. క్యాల్‌క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ లాంటి బరువైన ఏపీలు చాలామంది ఆ చివరి ఏడాదే రాస్తారు, చిక్కు కూడా వాటితోనే. స్కోర్లు ఉచితంగా ఒక కాలేజీకి పంపించుకునే అవకాశం ఏటా ఒకసారి ఉంటుంది, దానికి గడువు జూన్ 20. అది దాటితే డబ్బు కట్టి పంపాలి. పదో తరగతి, పదకొండో తరగతుల్లో రాసిన పరీక్షల స్కోర్లు కూడా ఆ పంపిన రిపోర్టులోనే వెళతాయి కాబట్టి ఒకసారి పంపితే చాలు.

అందుకని జూలైలో జరిగే సెషన్ తీసుకోవడం మంచిదా అని అడుగుతారు. నా అభిప్రాయం: సైన్సు, ఇంజనీరింగ్ వైపు వెళుతూ చివరి ఏడాది ఏపీల మీద ఆధారపడినవాళ్లకి జూలై రెండో వారం తర్వాతి సెషన్ హాయి. ఆలస్యంగా వెళితే సీట్లు మిగలవేమోనన్న భయం సహజమే. చాలా యూనివర్సిటీలు ఒక్కో సెషన్‌కి కొన్ని సీట్లు విడిగా ఆపి ఉంచుతాయి కాబట్టి ఆ భయం అన్నిచోట్లా నిజం కాదు. మీ డిపార్ట్‌మెంట్‌కి ఈమెయిల్ చేసి అడగండి, చెబుతారు. జూన్ తప్ప వేరే తేదీ కుదరకపోతే, ఏ స్కోరు వస్తుందని అనుకుంటున్నారో అడ్వైజర్‌కి చెప్పి రెండు ప్లాన్లు వేసుకోవాలి. స్కోరు వస్తే ఈ కోర్సు, రాకపోతే ఆ కోర్సు అని. స్కోరు రాగానే జూలైలో ఇంటి నుంచే మార్చుకోవచ్చు.

ఏపీలో అత్యధిక స్కోరు 5 వచ్చింది కదా అని క్యాల్‌క్యులస్ దాటేసి నేరుగా పై కోర్సుకి వెళ్లాలా? ఇక్కడ మన ఇళ్లలో తొందర ఎక్కువ. ఎంత ముందుకెళితే అంత గొప్ప అన్న ఆలోచన మనలో బలంగా ఉంది. నేనైతే విద్యార్థిని ఒకే ఒక పని చేయమంటాను. ఆ యూనివర్సిటీలో మొదటి క్యాల్‌క్యులస్ పాత ఫైనల్ పేపరు దొరికితే ఇంట్లో కూర్చుని రాసి చూడమంటాను. తేలికగా రాయగలిగితే దాటేయొచ్చు, తడబడితే మళ్లీ చదవడంలో నష్టమేమీ లేదు. టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులు మొదటి ఏడాది జనరల్ ఇంజనీరింగ్‌లో ఉండి, ఆ తర్వాత బ్రాంచికి అప్లై చేసుకుంటారు. అక్కడ కోరుకున్న బ్రాంచి చాలావరకు మొదటి ఏడాది జీపీఏ మీద ఆధారపడుతుంది. అలాంటి చోట మొదటి సెమిస్టర్‌ని మితిమీరి బరువు చేసుకోవడం తెలివైన పని కాదు. మెడిసిన్ ఆలోచన ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. కొన్ని మెడికల్ స్కూళ్లు బయాలజీ, కెమిస్ట్రీ కోర్సులకు బదులుగా ఏపీ క్రెడిట్‌ని ఒప్పుకోవు.

గవర్నమెంట్ విషయంలోనూ ఒక మెలిక ఉంది. ఏపీ గవర్నమెంట్ పరీక్షలో అమెరికా రాజ్యాంగం ఉంటుంది, టెక్సాస్ రాజ్యాంగం ఉండదు. చట్టం రెండూ చదవాలంటుంది. అందుకే ఆ ఏపీ ఉన్నా 6 క్రెడిట్లూ తీరిపోయాయని అనుకోకూడదు.

మ్యాథ్ ప్లేస్‌మెంట్‌కి చాలా కాలేజీలు అలెక్స్ పరీక్ష వాడతాయి. ఇంట్లోంచే కంప్యూటర్ మీద రాయొచ్చు, గరిష్ఠంగా 30 ప్రశ్నలు, ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. దీన్ని ఓరియెంటేషన్ ముందు రోజు రాత్రి నిద్రమత్తులో రాయకూడదు. పక్కన కూర్చుని అక్కో నాన్నో సాయం చేయడం మరీ పొరపాటు. ఆ స్కోరు ఇచ్చే ఫలితం మార్కు కాదు, ఏ క్లాసులో కూర్చోవాలన్న నిర్ణయం. పైకి చేరిస్తే సెప్టెంబరులో ఆ క్లాసులో కూర్చోవాల్సింది ఆ పిల్లవాడే. స్కోరు తగ్గితే, పరీక్షతో పాటు వచ్చే ప్రాక్టీసు పాఠాలు చేసి మళ్లీ రాసే వీలు చాలాచోట్ల ఉంటుంది. దానికి టైం కావాలి కాబట్టే రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి.

హోల్డ్ అనే ఎర్ర గుర్తు

అన్నీ సిద్ధం చేసుకున్నా, పోర్టల్‌లో హోల్డ్ ఉంటే రిజిస్ట్రేషన్ బటన్ పనిచేయదు. ఏదో ఒక ఆఫీసుకి మీ నుంచి రావాల్సింది రాలేదని దాని అర్థం. పోర్టల్‌లో హోల్డ్స్ అనే పేజీ ఉంటుంది. వారానికొకసారి దాన్ని తెరిచి చూడటం విద్యార్థికి అలవాటు చేయాలి.

టెక్సాస్‌లో ఎక్కువమందిని ఇరుకున పెట్టేది మెనింజైటిస్ టీకా. 22 ఏళ్ల లోపు కొత్త విద్యార్థులు ఈ టీకా వేయించుకున్నట్టు చూపించాలన్నది రాష్ట్ర చట్టం. టీకా గత అయిదేళ్ల లోపు వేసినదై ఉండాలి, సెమిస్టర్ మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని ఉండాలి. ఏడో తరగతిలో స్కూలు కోసం వేయించాం కదా అంటారు అమ్మానాన్నలు. నిజమే, కానీ అప్పుడు పిల్లలకి పదకొండు పన్నెండేళ్లు, అయిదేళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది. పదహారో ఏట వేసే రెండో డోసు పడి ఉంటే సరిపోతుంది. అది పడిందో లేదో ఇప్పుడే పిల్లల డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. మెన్-బి అనే టీకా వేరే, చట్టం అడిగేది అది కాదు. సర్టిఫికెట్ ఫొటో తీసి పంపాక యూనివర్సిటీ చూసి ఆమోదించడానికి కూడా కొన్ని రోజులు పడుతుంది.

రెసిడెన్సీ కాగితాలు మన కుటుంబాల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సిన విషయం. హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల హెచ్-1బి మీద ఆధారపడిన వీసా మీద, ఉన్న పిల్లలు టెక్సాస్‌లో ఇన్-స్టేట్ ఫీజు (రాష్ట్ర నివాసులకుండే తక్కువ ఫీజు) కోరే వీలుంది, కానీ వీసా, నివాసం, తల్లిదండ్రుల ఉద్యోగం తాలూకు ఆధారాలు చూపించాలి. అవి చేరకపోతే బిల్లు అవుట్-ఆఫ్-స్టేట్ లెక్కన వచ్చి గుండె ఆగినంత పనవుతుంది. హెచ్-4 పిల్లలకి ఫెడరల్ ఆర్థిక సాయం రాదు. ఓరియెంటేషన్‌లో ఉత్సాహంగా చెప్పే క్యాంపస్ ఉద్యోగాలు కూడా చేయకూడదు. ఆ సెషన్‌లో పక్కనున్నవాళ్లంతా ఫారాలు నింపుతుంటే మన పిల్ల చేతులు కట్టుకుని కూర్చోవాల్సి రావడం బాధాకరమే, కానీ ముందే ఇంట్లో చెప్పి ఉంచితే అక్కడ తికమక పడదు. నాలుగేళ్ల మధ్యలో 21 నిండితే హెచ్-4 ముగుస్తుంది, చాలామంది విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కి మారాల్సి వస్తుంది. ఓరియెంటేషన్‌కి వెళ్లినప్పుడే ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసు ఎక్కడుందో చూసి, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఫీజు ఏమవుతుందో అడిగి రావడం మంచిది.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా ఎఫ్-1 మీద డిగ్రీకి వచ్చేవాళ్లకి ఓరియెంటేషన్ సాధారణంగా ఆగస్టులో ఉంటుంది. వాళ్లు కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి, ఆ 12లో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటి మాత్రమే లెక్కలోకి వస్తుంది. రిజిస్ట్రేషన్ చేసుకునేటప్పుడు ఆన్‌లైన్ సెక్షన్ ఏదో, క్లాసురూమ్ సెక్షన్ ఏదో కళ్లు పెట్టుకుని చూడాలి.

ఆ గంట ఎలా ఉంటుంది

ఒక కంప్యూటర్ ల్యాబ్, ఇరవై ముప్ఫై మంది పిల్లలు, ఇద్దరు ముగ్గురు అడ్వైజర్లు. తల్లిదండ్రులకి లోపలికి ప్రవేశం లేదు. బయాలజీ మేజర్‌తో చేరుతున్న ఒక అమ్మాయి కూర్చుందనుకోండి. కెమిస్ట్రీ లెక్చర్‌కి తోడుగా ల్యాబ్ కూడా తీసుకోవాలి. ల్యాబ్ మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలు. ఆమె ముందుగా ఎంచుకున్న మ్యాథ్ సెక్షన్ కూడా అదే వేళకి ఉంది. మ్యాథ్‌ని ఉదయానికి మార్చితే ఆ సెక్షన్ నిండిపోయింది, వెయిట్‌లిస్ట్‌లో పేరు పెట్టుకోమంటోంది. ఈలోగా పక్కనున్న అబ్బాయి పని ముగించుకుని లేచిపోయాడు. ఇలాంటప్పుడు పిల్లలు కంగారులో ఏది ఖాళీగా ఉంటే అది నొక్కేస్తారు.

ఈ కంగారు తగ్గించే పద్ధతి ఉంది. కదల్చలేని కోర్సుల్ని ముందు పెట్టాలి. ల్యాబ్ ఉన్నవి, తర్వాతి సెమిస్టర్‌లో ఇంకో కోర్సుకి తప్పనిసరి మెట్టుగా ఉన్నవి, ఒకటి రెండు సెక్షన్లే ఉన్నవి. వాటి చుట్టూ హిస్టరీ, ఇంగ్లిష్ లాంటివి సర్దాలి, వాటికి సెక్షన్లు బోలెడు. ప్రతి కోర్సుకీ ఇంట్లోనే రెండు మూడు సెక్షన్లు చూసి, వాటి నంబర్లు రాసుకుని వెళ్లాలి. వారం రోజుల గడులు గీసుకున్న కాగితం మీద పెన్సిల్‌తో పెట్టి చూస్తే ఏది దేన్ని గుద్దుకుంటుందో ఇట్టే తెలుస్తుంది. ఉదయం 8 గంటల క్లాసు గురించి పిల్లలు పెట్టే మొహం నాకు తెలుసు. కానీ నిండిపోయిన మంచి కోర్సుకి ఆ 8 గంటల సెక్షన్‌లోనే సీటు దొరికితే వదులుకోవద్దు.

అడ్వైజర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ సెమిస్టర్‌లో ఏది తీసుకోకపోతే నా డిగ్రీ వెనకబడుతుంది? మిగతావన్నీ తర్వాత సర్దుకోవచ్చు, ఈ జవాబు మాత్రం అక్కడే రాబట్టాలి.

తల్లిదండ్రులు బయట ఎందుకు

విద్యార్థుల్ని, తల్లిదండ్రుల్ని మొదటి గంటలోనే విడదీస్తారు. కొందరు తల్లులకి ఇది మనసుకి తగులుతుంది. దీని వెనక పద్ధతితో పాటు చట్టం కూడా ఉంది. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం పిల్లలు కాలేజీలో చేరగానే, 18 నిండకపోయినా సరే, వాళ్ల చదువు రికార్డు మీద హక్కు వాళ్లదే. ఫీజు మనం కట్టినా అంతే. గ్రేడ్లు ఎలా ఉన్నాయని మనం ఫోన్ చేస్తే ఆఫీసువాళ్లు చెప్పరు. విద్యార్థి సమ్మతి ఇస్తే బిల్లు, గ్రేడ్లు చూడటానికి తల్లిదండ్రులకు వేరే లాగిన్ ఇచ్చే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. ఓరియెంటేషన్‌కి ముందే ఇంట్లో కూర్చుని దీని గురించి మాట్లాడుకోవాలి. ఏది చూపిస్తారు, ఏది తన దగ్గరే ఉంచుకుంటారు అన్నది పిల్లలు చెప్పాలి, మనం వినాలి. బిల్లుకి మాత్రం లాగిన్ తప్పక తీసుకోండి, కట్టేది మనమే కాబట్టి.

వైద్యం విషయంలోనూ ఇదే. 18 నిండాక ఆసుపత్రి వాళ్లు పిల్లల ఆరోగ్య వివరాలు మనకి చెప్పాల్సిన పని లేదు. టెక్సాస్‌లో మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ పత్రం మీద విద్యార్థి సంతకం పెట్టి, నోటరీ చేయించినా, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నా చెల్లుతుంది. ఆరోగ్య సమాచారం చెప్పవచ్చన్న అనుమతి పత్రం కూడా దానితో పాటు తీసుకోండి. అర్ధరాత్రి ఎమర్జెన్సీ రూం నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆ రెండు కాగితాల విలువ తెలుస్తుంది.

హైస్కూల్లో ఐఈపీ గానీ 504 ప్లాన్ గానీ (వైకల్యం ఉన్న పిల్లలకి స్కూలు ఏర్పాటు చేసే సాయం ప్రణాళికలు) ఉన్న పిల్లల విషయం మన దగ్గర బయటికి చెప్పుకోరు. చెప్పుకోకపోయినా ఇది చదవండి. ఆ ప్లాన్ కాలేజీకి తనంతట తాను బదిలీ కాదు. పరీక్షల్లో అదనపు సమయం, నోట్స్ సాయం లాంటివి కావాలంటే విద్యార్థి స్వయంగా డిజెబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకి వెళ్లి, కాగితాలు ఇచ్చి, అడగాలి. అడగకపోతే కాలేజీ తనంతట ఇవ్వదు. ఓరియెంటేషన్ రెండు రోజులే ఆ ఆఫీసు గుమ్మం తొక్కడానికి మంచి సమయం. ఇందులో సిగ్గుపడాల్సింది రవ్వంత కూడా లేదు.

తల్లిదండ్రుల సెషన్లలో హెల్త్ ఇన్సూరెన్స్ గురించి చెప్పేటప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టి వినండి. కొన్ని యూనివర్సిటీలు విద్యార్థి బిల్లులో ఇన్సూరెన్స్ ప్రీమియం వాటంతట అవే కలిపేస్తాయి. మీ ప్లాన్ కింద పిల్లలకి కవరేజి ఉందని చూపించి గడువులోపు వద్దనకపోతే కట్టాల్సిందే.

రాత్రి బస

డార్మ్‌లో ఒక రాత్రి గడపమనడం సరదా కోసం పెట్టింది కాదు. తెలియని రూమ్మేట్, అందరికీ కలిపి ఉన్న బాత్రూం, అర్ధరాత్రి దాకా నడవాలో మాటలు. ఆగస్టులో ఎదురయ్యేవన్నీ ముందే ఒక రాత్రి రుచి చూపిస్తారు. అందుకే రాత్రి బస ఇష్టాన్ని బట్టి ఉన్నచోట కూడా, హోటల్లో మనతో ఉండమని పిల్లల్ని అడగకండి. కొత్త స్నేహాలు చాలావరకు సెషన్లలో కన్నా ఆ రాత్రి లాబీలో పిజ్జా పెట్టె చుట్టూ మొదలవుతాయి.

సామాన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. దుప్పటి, తలగడ ఇస్తారో లేదో ఈమెయిల్‌లో ఉంటుంది. ఇవ్వకపోతే ఆ మంచం ట్విన్ ఎక్సెల్, పొడవు 80 అంగుళాలు, మామూలు ట్విన్ దుప్పటి చాలదు. బాత్రూంకి చెప్పులు, తువ్వాలు, ఏసీ చలికి ఒక స్వెటర్, ఎండలో నడవడానికి వీలైన బూట్లు, నీళ్ల సీసా, చార్జర్, ల్యాప్‌టాప్. స్టూడెంట్ కార్డు తీసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన ఫొటో ఐడీ. రోజూ వేసుకునే మందులుంటే ఒక రోజుకి ఎక్కువే పెట్టుకోవాలి. పోర్టల్ లాగిన్, రెండో దశ వెరిఫికేషన్ ఫోన్‌లో పనిచేస్తున్నాయో లేదో ఇంట్లోనే చూసుకోవాలి. శాకాహారులకి డైనింగ్ హాల్లో లేబుళ్లు ఉంటాయి. గుడ్డు కూడా తినని పిల్లలు వీగన్ అని రాసి ఉన్నవి చూసుకోవడం మేలు. పులిహోర డబ్బా పెట్టి పంపాలనిపిస్తుంది, పెట్టండి, కానీ రూమ్మేట్‌తో కలిసి భోజనానికి వెళ్లమని కూడా చెప్పండి.

సాయంత్రం సెషన్లలో మద్యం, లైంగిక సమ్మతి, వేధింపుల గురించి మాట్లాడతారు. కొన్నిచోట్ల పై తరగతి విద్యార్థులు చిన్న నాటికలుగా వేసి చూపిస్తారు. ఇది విని కొందరు తల్లిదండ్రులు ఇబ్బంది పడతారు. ఇవి చట్టం అడిగినవి. మహిళలపై హింస నిరోధానికి 2013లో చేసిన ఫెడరల్ చట్టం కింద కొత్తగా చేరేవాళ్లకి ఈ అవగాహన కల్పించడం కాలేజీల బాధ్యత. ర్యాగింగ్ లాంటి హేజింగ్‌పై కాలేజీలు వివరాలు బయటపెట్టాలని 2024 డిసెంబరులో ఇంకో ఫెడరల్ చట్టం వచ్చింది. మన ర్యాగింగ్ కథలు చెప్పుకుని నవ్వుకునే అలవాటు మనకుంది. పిల్లల దగ్గర ఆ నవ్వు వద్దు. ఏదైనా బృందంలో చేరడానికి అవమానం భరించాల్సిన పనిలేదని, ఏం జరిగినా ముందు ఇంటికి ఫోన్ చేయొచ్చని ప్రయాణానికి ముందే స్పష్టంగా చెప్పాలి. మద్యం వయసు 21 అన్నది వాళ్లకి తెలుసు. తాగి పడిపోయిన స్నేహితుణ్ణి వదిలేయకుండా 911కి ఫోన్ చేయాలన్నది చెప్పండి.

రాత్రి తొమ్మిదింటికి మన ఫోన్ వెళుతుంది.

"తిన్నావా కన్నా?"

"తిన్నానమ్మా. రేపు రిజిస్ట్రేషన్ అయ్యాక చేస్తాను, ఇప్పుడు కింద అందరూ ఉన్నారు."

"సరే నాన్నా, ఆ కాగితం బ్యాగులోనే ఉందిగా?"

"ఉందమ్మా."

ఇంతకన్నా పొడవు అక్కర్లేదు.

బిడియం ఉన్న పిల్లలకి ఆ రోజు నిజంగా కష్టమే. గట్టిగా అరిచే ఆటలు, గుంపులో పేరు చెప్పుకోవడాలు. వాటన్నిటిలోనూ వెలిగిపోవాల్సిన పని లేదు. గ్రూపుని నడిపించే ఓరియెంటేషన్ లీడర్ కూడా రెండు మూడేళ్ల క్రితం అదే స్థితిలో వచ్చిన విద్యార్థే. తనతో విడిగా ఒక పది నిమిషాలు మాట్లాడితే ఏ ప్రొఫెసర్ బాగా చెబుతారో, ఏ రెండు క్లాసుల మధ్య పది నిమిషాల్లో నడవలేమో తెలుస్తుంది. కరపత్రాల్లో దొరకని సమాచారం అది.

ఇంటికి వచ్చాక

రిజిస్ట్రేషన్ అయిపోయింది, టైంటేబుల్ ప్రింటు ఫ్రిజ్ మీద అతికించారు. పని సగమే అయింది. జూలైలో ఏపీ స్కోర్లు వచ్చాక, డ్యూయల్ క్రెడిట్ రికార్డులోకి ఎక్కాక, విద్యార్థి డిగ్రీ ఆడిట్ పేజీ తెరిచి ఏ కోర్సు తీరిపోయిందో, ఏది మిగిలిందో ఒకసారి చూసుకోవాలి. తీరిపోయిన కోర్సు టైంటేబుల్‌లో ఉంటే దాని స్థానంలో వేరేది పెట్టుకోవాలి. వెయిట్‌లిస్ట్ సీటు ఖాళీ అయితే ఈమెయిల్ యూనివర్సిటీ అడ్రసుకి వస్తుంది, దానికి జవాబివ్వాల్సిన గడువు కొన్నిచోట్ల ఒక్క రోజే. పిల్లలు వేసవిలో ఆ ఇన్‌బాక్స్ తెరవరు. ఇండియాకి వెళ్లినా ఆ ఈమెయిల్ ఫోన్‌లో వచ్చేలా పెట్టుకుని వెళ్లాలి.

క్లాసులు మొదలయ్యాక కూడా మార్చుకోవడానికి కొద్ది రోజులుంటాయి. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫాల్ సెమిస్టర్ పన్నెండో క్లాసు రోజుని సెన్సస్ తేదీ అంటారు. ఆ తేదీ లోపు వదిలేసిన కోర్సు రికార్డులో కనిపించదు. దాని తర్వాత వదిలేస్తే, వదిలేసినట్టు డబ్ల్యూ అనో క్యూ అనో గుర్తు రికార్డులో పడుతుంది. 2007లో వచ్చిన చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, డిగ్రీ మొత్తం మీద అలా వదిలేసిన కోర్సులు ఆరుకి మించకూడదు. అందుకని ఆ పన్నెండో రోజు ఏ తేదీన పడుతుందో యూనివర్సిటీ క్యాలెండర్‌లో చూసి, దానికి మూడు రోజుల ముందు విద్యార్థి ఫోన్‌లో రిమైండర్ పెట్టించండి. ఆ సాయంత్రం ఫోన్ చేసినప్పుడు మార్కుల గురించి అడగకుండా, ఉన్న అయిదు క్లాసుల్లో ఏది వద్దనిపిస్తోందో అడగండి.